పంటి రంగు ఫిల్లింగ్‌లో బాండింగ్, మైక్రోలీకేజీ

పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ పంటికి దానంతట అది అంటుకోదు. పుచ్చిన భాగం తీసేశాక, ఫిల్లింగ్ పెట్టే ముందు డాక్టరు సన్నని బ్రష్‌తో పూసే బాండింగ్ ఏజెంట్ అనే ద్రవమే రెండింటినీ కలిపి పట్టి ఉంచుతుంది. ఆ పట్టు ఎక్కడ తప్పినా పంటికీ ఫిల్లింగ్‌కూ నడుమ కంటికి ఆనని సందు మిగులుతుంది. ఆ సందులోంచి లాలాజలం, బ్యాక్టీరియా, అవి తయారుచేసే ఆమ్లాలు లోపలికి చేరడమే మైక్రోలీకేజీ. ఫిల్లింగ్ చేయించుకున్న పన్ను చల్లనీళ్లకు జివ్వుమనడం, అంచు వెంట గోధుమ రంగు గీత పడటం, లోపల మళ్లీ పుచ్చు మొదలవడం, చివరికి పంటి లోపలి నరాల భాగమైన పల్ప్ దెబ్బతిని రూట్ కెనాల్ అవసరం కావడం వంటి ఇబ్బందుల్లో దీని పాత్ర ఉంటుంది.

ఏడు దశాబ్దాల పరిశోధన తేల్చిన విషయాన్ని క్లుప్తంగా ఇలా చెప్పవచ్చు. పంటి పైపొర అయిన ఎనామిల్ ఉన్న అంచు సరైన పద్ధతిలో చేస్తే బాగా మూసుకుంటుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది. చిగురు వైపు, ఎనామిల్ కింది పొర అయిన డెంటిన్ మీద పడే అంచు ఏ బాండింగ్ ఏజెంట్‌తోనూ సంపూర్ణంగా, శాశ్వతంగా మూసుకోదు. సీసాలోని మందు ఎంత కొత్తదన్నది రెండో మాట. అంచు ఎక్కడ పడింది, పన్ను ఎంత పొడిగా ఉంది, ఒక్కో అంచెకు ఇవ్వాల్సిన సమయం ఇచ్చారా అన్నవే ముందు ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

స్థానిక నేపథ్యం

ఈ ఫిల్లింగులు ఎక్కడ జరుగుతాయో చూడటానికి ఒక పేటను తీసుకుందాం. సికింద్రాబాద్‌లోని సీతాఫల్‌మండి ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలు మార్గం మీదున్న పాత బస్తీ. ఒక పక్క చిలకలగూడ, మరో పక్క వారాసిగూడ, దగ్గరలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇలాంటి పేటల్లో దంతవైద్యం ఎక్కువగా ఒకరిద్దరు డాక్టర్లు నడిపే చిన్న క్లినిక్‌లలోనే జరుగుతుంది. పెద్ద చికిత్సలకు, తక్కువ ఖర్చుకు జనం బోధనాసుపత్రులకు వెళతారు. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల, సికింద్రాబాద్ శివార్లలోని ఆర్మీ దంత వైద్య కళాశాల, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉన్న పానినీయ కళాశాల జంటనగరాల్లో చెప్పుకోదగ్గవి. ప్రభుత్వ దంత వైద్య కళాశాల మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందే ఉండేది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని పరిధిలోకి, తెలంగాణ ఏర్పడిన తరువాత వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలోకి మారింది.

ఈ కళాశాలల్లో పుచ్చుపళ్లు, ఫిల్లింగులు, రూట్ కెనాల్ చూసే శాఖను కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ అంటారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ శాఖలో ఎండీఎస్ చేసే విద్యార్థులకు మైక్రోలీకేజీ బాగా పరిచయమున్న థీసిస్ అంశం. ఆర్థోడాంటిక్ చికిత్స కోసం పీకిన ముందరి దవడపళ్లు, ఒక రంగు ద్రవం, ఒక స్టీరియో మైక్రోస్కోపు ఉంటే పరీక్ష మొదలుపెట్టవచ్చు. అందుకే దేశమంతటా దంత కళాశాలల్లో ఇది విస్తృతంగా సాగుతోంది.

ఈ అంశానికి ఇప్పుడు ఇంత ప్రాధాన్యం రావడానికి మరో కారణం కూడా ఉంది. పాదరసంతో చేసే వెండి ఫిల్లింగులు (అమాల్గమ్) తగ్గిపోతున్నాయి. పాదరస వినియోగాన్ని తగ్గించేందుకు 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం 2017లో అమలులోకి వచ్చింది, భారతదేశం 2018లో దాన్ని ఆమోదించింది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి దంత అమాల్గమ్ వాడకాన్ని, వైద్యపరంగా తప్పనిసరైన సందర్భాలు మినహా, నిలిపివేసింది. వెండి ఫిల్లింగ్ పంటికి అంటుకోదు. గుంత ఆకారమే దాన్ని పట్టి ఉంచుతుంది. పైగా కాలం గడిచేకొద్దీ దాని తుప్పు పదార్థాలే అంచు సందులో పేరుకుని లీకేజీని కొంత తగ్గిస్తాయి. కాంపోజిట్‌కు ఈ సొంత రక్షణ లేదు. దాని అంచు మూత భారమంతా బాండింగ్ ఏజెంట్ మీదే పడుతుంది.

పంటి నిర్మాణం: అంటుకునే చోటు, అంటుకోని చోటు

ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. నీరు, ప్రోటీన్ చాలా తక్కువ. దాన్ని ఆమ్లంతో కొద్దిసేపు తడిపితే పైపొర కరిగి, సూక్ష్మమైన గుంతలతో గరుకుగా తయారవుతుంది. కడిగి ఆరబెడితే సుద్దలా తెల్లగా కనిపిస్తుంది. ఆ గుంతల్లోకి బాండింగ్ ఏజెంట్‌లోని పలచటి రెజిన్ చొచ్చుకుపోయి గట్టిపడితే పట్టు దొరుకుతుంది. ఈ పని సూటిగా ఉంటుంది, ఫలితం నమ్మదగినది.

డెంటిన్ సంగతి వేరు. దాని బరువులో దాదాపు 70 శాతం ఖనిజం, 20 శాతం సేంద్రియ పదార్థం, 10 శాతం నీరు. ఆ సేంద్రియ పదార్థంలో అధిక భాగం కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. డెంటిన్ పొడవునా పల్ప్ నుంచి బయటివైపు సన్నని గొట్టాలు సాగుతాయి. ఎనామిల్ దగ్గర ఒక చదరపు మిల్లీమీటరుకు సుమారు 20,000 గొట్టాలుంటే, పల్ప్ దగ్గర వాటి సంఖ్య 45,000 వరకు పెరుగుతుంది, వాటి వ్యాసమూ పెరుగుతుంది. వాటిలోని ద్రవం పల్ప్ వైపు నుంచి మెల్లగా బయటికి ఊరుతూనే ఉంటుంది. నీటిని ఇష్టపడని రెజిన్‌ను, ఎప్పుడూ తడిగా ఉండే ఈ పొరకు అంటించడమే బాండింగ్ శాస్త్రానికి మొదటినుంచీ ఉన్న చిక్కు. పుచ్చు ఎంత లోతుకు వెళితే తడి అంత ఎక్కువ, పట్టు అంత కష్టం.

పంటిని బర్రు అనే డ్రిల్ మొనతో తొలిచినప్పుడు ఇంకో అడ్డంకి వస్తుంది. తొలిచిన పొడి, కొల్లాజెన్ ముక్కలు కలిసి డెంటిన్ మీద ఒకటి రెండు మైక్రోమీటర్ల మందంలో జిగురుగా పరుచుకుంటాయి. దీన్ని స్మియర్ లేయర్ అంటారు. బాండింగ్ పద్ధతుల మధ్య ఉన్న తేడాలన్నీ ఈ పొరను కడిగేయాలా, ఉంచి కలుపుకుపోవాలా అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

చరిత్ర

1949లో స్విట్జర్లాండ్‌లో ఆస్కార్ హాగర్ అనే రసాయన శాస్త్రవేత్త డెంటిన్‌కు అంటుకోగల ఆమ్ల రెజిన్‌ను రూపొందించాడు. 1952లో క్రామర్, మెక్లీన్ దాన్ని వాడిన పళ్లలో డెంటిన్ పైపొర మార్పు చెందిందని మైక్రోస్కోపు కింద గమనించారు. అప్పట్లో అది ఎవరి దృష్టినీ పెద్దగా ఆకర్షించలేదు.

అసలు మలుపు 1955లో వచ్చింది. అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేసిన మైకేల్ బ్యునోకోర్, పరిశ్రమల్లో లోహాలకు రంగు బాగా పట్టేందుకు ముందుగా ఆమ్లంతో తడిపే అలవాటును పంటికి అన్వయించాడు. 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని ఎనామిల్ మీద 30 సెకన్లు ఉంచితే యాక్రిలిక్ ఫిల్లింగ్ పట్టు ఎన్నో రెట్లు పెరిగిందని చూపాడు. నేడు ప్రతి క్లినిక్‌లో నీలం రంగు జెల్‌గా కనిపించే ఎచింగ్ జెల్ ఆ ప్రయోగం నుంచి పుట్టిందే. ఇప్పుడు ఆమ్లం గాఢత 35 నుంచి 37 శాతం. 1962లో రాఫెల్ బోవెన్ బిస్-జీఎంఏ రెజిన్‌కు పేటెంటు పొందడంతో కాంపోజిట్ ఫిల్లింగులకు దారి ఏర్పడింది.

డెంటిన్‌ను కూడా ఆమ్లంతో తడపవచ్చని జపాన్‌లో తకావో ఫుసయామా 1979లో ప్రతిపాదించాడు. ఆమ్లం పల్ప్‌ను చంపేస్తుందన్న భయంతో పాశ్చాత్య దేశాలు చాలాకాలం వెనకాడాయి. తరువాత తేలిందేమిటంటే, పల్ప్‌కు ఎక్కువ హాని చేసేది సందులోంచి లోపలికి దిగే బ్యాక్టీరియా. స్వీడన్ శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ ఈ అవగాహనకు గట్టి పునాది వేశాడు. డెంటిన్ గొట్టాల్లోని ద్రవం ముందుకో వెనక్కో కదిలినప్పుడే పన్ను జివ్వుమంటుందని వివరించిందీ ఆయనే. మూత సరిగా పడని ఫిల్లింగ్ కింద ఆ ద్రవం కదలడానికి వీలుంటుంది కాబట్టే నమిలినప్పుడు, చల్లనిది తాగినప్పుడు నొప్పి వస్తుంది.

1982లో టోక్యోలో నొబువో నకబయాషి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒక కొత్త పొరను చూశాడు. ఆమ్లం ఖనిజాన్ని కరిగించాక మిగిలిన కొల్లాజెన్ వలలోకి రెజిన్ చొచ్చుకుని గట్టిపడిన పొర అది. సగం పన్ను, సగం రెజిన్ అయిన దీనికి హైబ్రిడ్ లేయర్ అని పేరు పెట్టారు. దీని మందం కొద్ది మైక్రోమీటర్లే. డెంటిన్ బాండింగ్ మంచిచెడులన్నీ ఈ పొర నాణ్యతలోనే ఉన్నాయి.

జపాన్‌కు చెందిన కురారే సంస్థ 1980ల తొలినాళ్లలో తెచ్చిన 10-ఎండీపీ అనే అణువు మరో పెద్ద అడుగు. ఇది పంటిలోని కాల్షియంతో రసాయనికంగా కలిసి, నీటిలో తేలిగ్గా కరగని లవణంగా మారుతుంది. 1990ల ఆరంభంలో జాన్ కాంకా డెంటిన్‌ను పూర్తిగా ఆరబెట్టకుండా కొద్దిగా తేమగా ఉంచాలని చూపాడు. ఎండిపోతే కొల్లాజెన్ వల కూలి, రెజిన్ లోపలికి దిగదు. 2011 ప్రాంతంలో యూనివర్సల్ బాండింగ్ ఏజెంట్లు మార్కెట్‌లోకి వచ్చాయి.

బాండింగ్ రకాలు

క్లినిక్‌లలో, మందుల ప్రతినిధుల మాటల్లో ఫిఫ్త్ జనరేషన్, సెవెంత్ జనరేషన్ వంటి పేర్లు వినిపిస్తాయి. ఇవి మార్కెట్‌లోకి వచ్చిన వరుసను మాత్రమే చెబుతాయి. పెద్ద అంకె ఉన్నది మెరుగైనదన్న అర్థం వాటిలో లేదు. పనిచేసే తీరును బట్టి విభజించడమే ఉపయోగకరం.

మొదటిది ఎచ్ అండ్ రిన్స్ పద్ధతి. ఆమ్లం పూసి, నీటితో కడిగి, తరువాత రెజిన్ పూస్తారు. స్మియర్ లేయర్ మొత్తం పోతుంది. ఇందులో ప్రైమర్ (రెజిన్ దిగేలా డెంటిన్‌ను సిద్ధం చేసే ద్రవం), బాండింగ్ వేరువేరుగా ఉన్న మూడంచెల రకం, రెండూ ఒకే సీసాలో ఉన్న రెండంచెల రకం ఉన్నాయి. ఎనామిల్ మీద దీనికి సాటి లేదు. డెంటిన్‌ను ఎంత తేమగా వదలాలన్న దగ్గర పొరపాటుకు ఆస్కారం ఎక్కువ.

రెండోది సెల్ఫ్ ఎచ్ పద్ధతి. ప్రైమర్‌లోనే తేలికపాటి ఆమ్లం ఉంటుంది, కడగాల్సిన పని లేదు. స్మియర్ లేయర్‌ను కరిగించి తనలో కలుపుకుంటుంది. ఆమ్లం ఎంత లోతుకు వెళితే రెజిన్ అంత లోతుకు వెళుతుంది కాబట్టి డెంటిన్ మీద నమ్మకంగా పనిచేస్తుంది, జివ్వుమనడమూ తక్కువని చాలామంది డాక్టర్ల అనుభవం. దాని బలహీనత ఎనామిల్. తేలికపాటి ఆమ్లం ఎనామిల్‌ను తగినంత గరుకు చేయలేదు.

మూడోది యూనివర్సల్ రకం. ఒకే సీసాను పై రెండు పద్ధతుల్లోనూ వాడవచ్చు. ఎనామిల్ అంచుకు మాత్రం 15 నుంచి 30 సెకన్లు ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి, డెంటిన్‌ను సెల్ఫ్ ఎచ్‌కు వదిలేయడం ఇప్పుడు విస్తృతంగా సిఫారసు చేస్తున్న పద్ధతి. ఒక్కో పొర స్వభావానికి తగిన చికిత్స ఇవ్వడం దీనిలోని మంచి.

వీటికి పక్కన నిలబడేది గ్లాస్ అయొనోమర్ సిమెంట్. లండన్‌లో విల్సన్, కెంట్ రూపొందించిన ఈ సిమెంట్ బాండింగ్ ఏజెంట్ లేకుండానే పంటి కాల్షియంతో కలిసి అంటుకుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ విడుదల చేస్తుంది, వేడికి పన్ను వ్యాకోచించినంతే వ్యాకోచిస్తుంది. అందం, అరుగుదలను తట్టుకునే గుణం కాంపోజిట్ కంటే తక్కువ.

సందు ఎందుకు పడుతుంది

మొదటి కారణం కుంచించుకుపోవడం. నీలి కాంతికి గట్టిపడేటప్పుడు కాంపోజిట్ ఘనపరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. అలా తగ్గుతూ అది గోడలను లోపలికి లాగుతుంది. ఎనామిల్ వైపు పట్టు గట్టిది, డెంటిన్ వైపు పట్టు బలహీనం. అందుకని లాగుడులో ముందు ఊడేది చిగురు వైపు అంచే. గుంత ఆకారానికీ ఇందులో పాత్ర ఉంది. 1987లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫైల్జర్, డి గీ, డేవిడ్‌సన్ దీన్ని సీ-ఫాక్టర్ అనే నిష్పత్తితో వివరించారు. అంటుకున్న గోడల సంఖ్యను స్వేచ్ఛగా ఉన్న ముఖాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అది. దవడపంటి పైభాగాన పెట్టెలా తొలిచిన గుంతలో ఐదు గోడలు, ఒకే స్వేచ్ఛాముఖం. అక్కడ ఒత్తిడి అత్యధికం.

రెండో కారణం వేడి, చల్లదనం. ఒక డిగ్రీకి డెంటిన్ మిలియన్‌లో 8 వంతులు, ఎనామిల్ 11 వంతులు వ్యాకోచిస్తే, కాంపోజిట్ రకాన్ని బట్టి 25 నుంచి 40 వంతుల దాకా వ్యాకోచిస్తుంది. పొగలు కక్కే ఇరానీ చాయ్ తాగి, వెంటనే ఫ్రిజ్ నీళ్లు తాగితే పన్ను ఒకలా, ఫిల్లింగ్ ఒకలా కదులుతాయి. ఏళ్ల తరబడి సాగే ఈ కదలిక అంచును అలసిపోయేలా చేస్తుంది. నమిలే ఒత్తిడి దానికి తోడవుతుంది.

మూడో కారణం కాలక్రమంలో లోపలే జరిగే విధ్వంసం. రెజిన్ చేరుకోలేకపోయిన కొల్లాజెన్ పోగులు హైబ్రిడ్ లేయర్ అడుగున నగ్నంగా మిగులుతాయి. డెంటిన్‌లోనే నిద్రాణంగా ఉండే ఎంఎంపీ అనే ఎంజైములు ఆమ్లం తగలగానే మేల్కొని వాటిని మెల్లగా తినేస్తాయి. నీటిని పీల్చుకునే రెజిన్ కూడా క్రమంగా కరుగుతుంది. అమెరికాలో డేవిడ్ పాష్లీ బృందం 2004లో ఈ ఎంజైముల పాత్రను చూపింది. బాండింగ్‌కు ముందు 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ పూస్తే ఎంజైములు నెమ్మదిస్తాయని ప్రయోగశాలలో తేలింది. నోట్లో దాని ప్రయోజనం మాత్రం అంత స్పష్టంగా కనిపించలేదు.

అంచు బయటికి గట్టిగా మూసుకున్నట్టు కనిపించినా హైబ్రిడ్ లేయర్ లోపలి అతి సూక్ష్మ ఖాళీల్లోకి వెండి అయాన్లు చొరబడగలవని హిడెహికో సనో బృందం 1990ల మధ్యలో చూపింది. దానికి నానోలీకేజీ అని పేరు. బ్యాక్టీరియా దూరలేనంత చిన్న దారులివి. నీరు, ఆమ్లం దూరుతాయి.

ప్రయోగశాలలో ఎలా కొలుస్తారు

పీకిన పళ్లను శుభ్రం చేసి, ఎండిపోకుండా క్రిమిసంహారక ద్రావణంలో భద్రపరుస్తారు. పంటి మెడ దగ్గర ఒక గుంత తొలుస్తారు. దాని పై అంచు ఎనామిల్‌లో, కింది అంచు వేరు మీద ఉండేలా చూస్తారు. ఒకే పంటిలో రెండు రకాల అంచులనూ పోల్చవచ్చు కాబట్టి ఈ గుంత ఎక్కువమంది ఎంపిక. వేర్వేరు బాండింగ్ ఏజెంట్లతో నింపాక, పళ్లను 5 డిగ్రీలు, 55 డిగ్రీల సెల్సియస్ నీటి తొట్లలో మార్చి మార్చి ముంచుతారు. దీనికి థర్మోసైక్లింగ్ అని పేరు. అంతర్జాతీయ ప్రమాణం కనీసం 500 చక్రాలు సూచిస్తుంది. నోట్లో ఒక ఏడాది వాడకానికి సుమారు 10,000 చక్రాలు సమానమని గేల్, డార్వెల్ 1999లో అంచనా వేశారు. అంటే 500 చక్రాలు కొన్ని వారాల వాడకానికి మించవు.

తరువాత వేరు చివర మూసి, ఫిల్లింగ్ చుట్టూ ఒక మిల్లీమీటరు వదిలి మిగతా పన్నంతటికీ గోళ్ల రంగు పూస్తారు. మిథిలీన్ బ్లూ, బేసిక్ ఫుక్సిన్, లేదా వెండి నైట్రేట్ ద్రావణంలో నానబెడతారు. పంటిని వజ్రపు చక్రంతో నిలువునా కోసి, రంగు ఎంతవరకు పాకిందో మైక్రోస్కోపులో చూసి మార్కులు వేస్తారు. రంగు దిగకపోతే 0. గుంత గోడ వెంట పాకుతూ అడుగుకు చేరితే గరిష్ఠ మార్కు.

ఈ పద్ధతి చవక, సులువు. పరిమితులూ తక్కువేమీ కాదు. రంగు అణువులు బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు చిన్నవి కాబట్టి, రంగు దిగిన ప్రతి చోటా పుచ్చు వస్తుందని అనుకోవడానికి లేదు. ఒక కోత ఒక్క తలాన్నే చూపిస్తుంది, పక్కనే ఉన్న సందు కనబడకుండా పోవచ్చు. పీకిన పంటిలో పల్ప్ ద్రవపు ఒత్తిడి ఉండదు. మార్కులు వేసే కన్ను మారితే మార్కూ మారవచ్చు. అందుకే పంటిని కోయకుండానే మూడు దిశల్లో చూసే మైక్రో సీటీ, ద్రవ ప్రవాహాన్ని నేరుగా కొలిచే పద్ధతులు వచ్చాయి. ప్రయోగశాలలో అంచు నాణ్యతకూ నోట్లో ఫిల్లింగ్ మనుగడకూ మధ్య సంబంధం బలహీనమని 2007లో సీగ్‌వార్డ్ హైంట్జె చేసిన సమీక్ష తేల్చింది. లీకేజీ మార్కు ఒక హెచ్చరికగా పనికొస్తుంది. ఒక మందు మంచిదా చెడ్డదా అన్న తుది తీర్పుకు అది ఒక్కటీ చాలదు.

నోట్లో తేలిన ఫలితాలు

నిజమైన పరీక్ష రోగుల నోట్లోనే జరుగుతుంది. పంటి మెడ దగ్గర, పుచ్చు లేకుండా అరిగిపోయిన గుంతల్లో పెట్టిన ఫిల్లింగులు ఇందుకు అనువైనవి. అక్కడ గుంత ఆకారం ఫిల్లింగ్‌ను పట్టి ఉంచదు. బాండింగ్ ఓడితే ఫిల్లింగ్ ఊడిపోతుంది. ఇలాంటి పరిశీలనలను కూడగట్టి బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో మార్లీన్ పోయ్‌మన్స్ బృందం 2005లో సమీక్ష ప్రచురించింది. సగటున ఏడాదికి విఫలమైన ఫిల్లింగులు గ్లాస్ అయొనోమర్‌తో 1.9 శాతం, రెండంచెల సెల్ఫ్ ఎచ్‌తో 4.7 శాతం, మూడంచెల ఎచ్ అండ్ రిన్స్‌తో 4.8 శాతం, రెండంచెల ఎచ్ అండ్ రిన్స్‌తో 6.2 శాతం, ఒకే అంచె సెల్ఫ్ ఎచ్‌తో 8.1 శాతం.

ఈ వరుస ఒక పాఠం చెబుతుంది. అంచెలు తగ్గించి పని సులువు చేసిన కొద్దీ పట్టు తగ్గింది. అన్ని గుణాలనూ ఒకే సీసాలో కుదించడానికి నీరు, ద్రావకం, ఆమ్లం ఎక్కువ కలపాల్సి వచ్చింది, దాంతో గట్టిపడ్డాక కూడా ఆ పొర నీటిని వదులుతూ పీలుస్తూ ఉంటుంది. తరువాత వచ్చిన ఎండీపీ గల తేలికపాటి ఒకే అంచె మందులు ఈ లోటును చాలావరకు పూడ్చాయి. మరో పాఠం, బాండింగ్ ఏజెంట్ లేకుండానే అంటుకునే గ్లాస్ అయొనోమర్ పట్టు విషయంలో ముందు నిలవడం. చిగురు దగ్గరి డెంటిన్ అంచులో మొదట గ్లాస్ అయొనోమర్ పొర వేసి, పైన కాంపోజిట్ పెట్టే శాండ్‌విచ్ పద్ధతికి ఆధారం ఇదే. 1985లో మెక్లీన్, ఆయన సహచరులు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు.

తెలుగు నేల మీద ప్రత్యేక పరిస్థితులు

ఫ్లోరోసిస్ ఇక్కడి బాండింగ్‌కు పెద్ద పరీక్ష. 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి షార్ట్, ఆయన సహచరులు రాసిన నివేదిక దేశంలో ఈ వ్యాధి మీద తొలి నివేదికల్లో ఒకటి. తరువాత నల్గొండ పేరు దీనితో ముడిపడిపోయింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి కూడా నల్గొండ టెక్నిక్ అనే పేరొచ్చింది. నల్గొండ నుంచి జంటనగరాలకు చదువుకు, పనికి వచ్చి స్థిరపడినవారు ఎందరో. చిన్నప్పుడు తాగిన నీటి గుర్తు వాళ్ల పళ్ల మీద జీవితాంతం ఉంటుంది. కనుక సికింద్రాబాద్ పేటలోని క్లినిక్‌కూ ఈ పళ్లు వస్తాయి.

ఫ్లోరైడ్ ఎక్కువైన ఎనామిల్‌లో పైపొర ఆమ్లానికి లొంగని గట్టిదనంతో, దాని కింది పొర గుల్లగా ఉంటుంది. మామూలు పంటికి సరిపోయే ఎచింగ్ ఇక్కడ సరిపోకపోవచ్చు. తేలికపాటి సెల్ఫ్ ఎచ్ మందులు ఇంకా వెనకబడతాయి. పైపొరను బర్రుతో కొద్దిగా తీసేయడం, ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచడం, విడిగా ఫాస్ఫారిక్ ఆమ్లం వాడటం ఇలాంటి పళ్లకు సాధారణంగా సూచించే మార్గాలు. విదేశీ పళ్ల మీద పరీక్షించి ఇచ్చిన సూచనల కాగితాన్ని ఇక్కడ అక్షరాలా పాటిస్తే చాలదు.

రెండోది పళ్ల మెడల అరుగుదల. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు పళ్లపొడులతో, గట్టి బ్రష్‌తో అడ్డంగా తోముకోవడం వల్ల చిగురు పక్కన గాడి పడుతుంది. ఏళ్ల తరబడి బయటపడి ఉన్న డెంటిన్ పసుపుగా, గాజులా నున్నగా గట్టిపడుతుంది. దాని గొట్టాలు ఖనిజంతో పూడుకుపోయి రెజిన్ దిగడానికి దారి ఉండదు. పైపొరను గరుకు చేశాకే బాండింగ్ పూయడం ఇక్కడ అవసరం.

మూడోది లవంగ నూనె. పన్ను నొప్పికి ఇంట్లో పెట్టే లవంగ నూనెలో ప్రధానంగా ఉండేది యూజినాల్. క్లినిక్‌లో పెట్టే కొన్ని తాత్కాలిక సిమెంట్లలోనూ అదే ఉంటుంది. యూజినాల్ రెజిన్ గట్టిపడటాన్ని అడ్డుకుంటుంది. కాంపోజిట్ పెట్టే ముందు దాని అవశేషాలను పూర్తిగా తొలగించాలి. లవంగ నూనె పెట్టుకుని వచ్చినవారు ఆ మాట డాక్టరుకు చెప్పడం మంచిది. పళ్లు తెల్లబరిచే బ్లీచింగ్ చేయించుకున్నవారు కూడా ఒకటి రెండు వారాలు ఆగాకే ఫిల్లింగ్ పెట్టించుకోవాలి. పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను సరిగా గట్టిపడనివ్వదు.

నాలుగోది వాతావరణం. బాండింగ్ ఏజెంట్లలో అసిటోన్ లేదా ఆల్కహాల్ ద్రావకంగా ఉంటుంది. హైదరాబాద్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మూత తీసి ఉంచిన సీసాలోంచి, ముందుగానే గిన్నెలో పోసి పెట్టిన చుక్కలోంచి ద్రావకం త్వరగా ఎగిరిపోతుంది, మిగిలిన మందు చిక్కబడి డెంటిన్‌లోకి దిగదు. తయారీదారు చెప్పిన చల్లదనంలో సీసాను భద్రపరచడం, అవసరమైనప్పుడే చుక్క పోయడం, వెంటనే మూత పెట్టడం ఇక్కడ తప్పనిసరి.

మంచి మూతకు చేతి పని

లాలాజలం, నెత్తురు తగిలిన పంటికి ఏ మందూ సరిగా అంటదు. 1864లో న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ కనిపెట్టిన రబ్బర్ డ్యామ్ నేటికీ పంటిని పొడిగా ఉంచే ఉత్తమ సాధనం. చికిత్స చేసే పన్ను మాత్రమే బయటికి వచ్చేలా రంధ్రం చేసిన పలచటి రబ్బరు తెర అది. కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది కానీ ఆ సమయం వృథా కాదు.

బాండింగ్ ద్రవాన్ని పూసి వదిలేయకుండా పంటి మీద రుద్దుతూ 15 నుంచి 20 సెకన్లు పనిచేయనివ్వాలి. గాలితో ద్రావకాన్ని మెల్లగా ఎగరగొట్టాలి. ద్రవం అలల్లా కదలడం ఆగేవరకు గాలి పట్టాలి. తరువాతే లైటు వేయాలి. కాంపోజిట్‌ను 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా పెట్టి ఒక్కో పొరనూ గట్టిపరచడం వల్ల లోపలిదాకా కాంతి అందుతుంది, కుంచించుకుపోయే ఒత్తిడి తగ్గించే వీలూ ఉంటుంది. బల్క్ ఫిల్ రకాలకు తయారీదారులు 4 మిల్లీమీటర్ల వరకు అనుమతిస్తారు. చాలా కాంపోజిట్లలో గట్టిపడటాన్ని మొదలుపెట్టే క్యాంఫర్‌క్వినోన్ 470 నానోమీటర్ల ప్రాంతపు నీలి కాంతికి స్పందిస్తుంది. లైటు చివర కాంపోజిట్ అంటుకుని మసకబారినా, బ్యాటరీ నీరసించినా, పంటికి దూరంగా పట్టుకున్నా పైన గట్టిపడి అడుగున మెత్తగా మిగులుతుంది. అలాంటి ఫిల్లింగ్ మొదటి రోజు ఎంతో బాగా కనిపిస్తుంది. లోపం నెలల తరువాతే బయటపడుతుంది.

రోగులు తెలుసుకోవాల్సినవి

ఫిల్లింగ్ చేయించుకున్న కొద్ది రోజులు కొంచెం జివ్వుమనడం సాధారణమే. వారాలు గడిచినా తగ్గకపోయినా, రాత్రిళ్లు దానంతట అదే నొప్పి వచ్చినా, ఫిల్లింగ్ పక్కన ఆహారం ఇరుక్కుంటున్నా డాక్టరుకు చూపించాలి.

అంచు వెంట గోధుమ గీత కనబడగానే ఫిల్లింగ్ పాడైందని, మార్చాల్సిందేనని అనుకోకూడదు. వెండి ఫిల్లింగుల మీద ఎడ్వినా కిడ్ బృందం 1995లో చేసిన పరిశీలనలో, అంచు రంగు మారడం లోపలి పుచ్చుకు నమ్మదగిన సూచన కాదని తేలింది. అక్కడ కొత్త పుచ్చుతో గట్టిగా ముడిపడింది 0.4 మిల్లీమీటర్లకు మించిన వెడల్పాటి గాడి. ఫిల్లింగ్ మార్చిన ప్రతిసారీ గుంత కొంత పెద్దదవుతుంది, ఎనామిల్ అంచు కొంత పోతుంది, కొత్త అంచు చిగురు వైపు డెంటిన్‌కు ఇంకాస్త దగ్గరవుతుంది. పాలిష్ చేసి సరిపెట్టగలిగితే, చెడిన మేరకు మరమ్మతు చేయగలిగితే పంటికి అదే మేలు.

లీకేజీ ఉన్నచోట పుచ్చు రావాలంటే అక్కడ బ్యాక్టీరియాకు తిండి అందాలి. తీపి తినే సార్లు తగ్గించడం, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోవడం, పళ్ల మధ్య శుభ్రం చేసుకోవడం అంచును కాపాడే పనులే. గుట్కా, పొగాకు నములుతూ ఉంటే చిగురు వెనక్కి జారి వేరు బయటపడుతుంది, కొత్త గుంతలు బాండింగ్‌కు అన్నిటికంటే కష్టమైన చోటే పడతాయి.

ముగింపు అంచనా

బాండింగ్ ఏజెంట్లు దంతవైద్యాన్ని మార్చేశాయి. ఫిల్లింగ్ నిలవడం కోసం మంచి పంటిని తొలిచేసే అవసరం తగ్గింది, చిన్న పుచ్చును చిన్న గుంతతోనే సరిచేయడం సాధ్యమైంది. కానీ వాటి మూత ఎనామిల్ మీద గట్టిది, డెంటిన్ మీద తాత్కాలికం. ఎంజైములను ఆపే మందులు, సూక్ష్మజీవులను చంపే రెజిన్లు, కుంచించుకుపోని కాంపోజిట్లు పరిశోధనలో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల దంత కళాశాలలకు ఇందులో తమదైన పని ఉంది. ఫ్లోరోసిస్ పళ్లు, పొడులతో అరిగిన పళ్ల మెడలు ఇక్కడ కావలసినన్ని దొరుకుతాయి. పీకిన పంటిలో రంగు ఎంత పాకిందో కొలవడంతో ఆగకుండా, అలాంటి పళ్లకు పెట్టిన ఫిల్లింగులను ఐదేళ్లు, పదేళ్లు గమనిస్తూ నమోదు చేస్తే, ఏ పద్ధతి ఎవరికి నప్పుతుందో చెప్పే సొంత ఆధారం ఇక్కడి డాక్టర్ల చేతిలో ఉంటుంది.